బోరు నీళ్లలో కుళ్లిన గుడ్ల వాసన: ముందు టెస్టా, నేరుగా ఆర్వోనా?

దివిసీమవాసి:
మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. ఇంటి బోరు నీళ్లు పట్టగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. బకెట్ కాసేపు వదిలేస్తే తగ్గుతుంది, కానీ బాత్రూమ్ తలుపేసుకుని వేణ్ణీళ్లు పోసుకుంటుంటే కడుపులో తిప్పేస్తుంది. మా ఆవిడ వెండి పట్టీలు నల్లబడిపోయాయి. బావమరిది ఆర్వో పెట్టించెయ్ బావా అంటాడు, నాన్నగారేమో బోర్లో బ్లీచింగ్ పోస్తే సరి అంటున్నారు. టెస్టులకు తిరిగే బదులు ఈ రెండిట్లో ఒకటి చేసెయ్యడం మేలు కదా?

కాలవగట్టు:
ఆర్వోనే పెట్టండి. మా ఇంట్లో పెట్టిన రోజు నుంచీ వాసన లేదు. టెస్టులో ఏం తేలినా చివరికి చేసేది అదేగా.

బావిచప్టా:
కాలవగట్టు గారూ, మీ ఇంట్లో వాసన పోగొట్టింది ఆర్వో పొర కాదండి, దాంతో పాటు ఉండే కార్బన్ ఫిల్టరు. ఈ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసుది. ఆర్వో పొర ఉప్పును ఆపుతుంది, ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది, నీళ్లలో కరిగిన గ్యాసు మాత్రం అందులోంచి దూరిపోతుంది. కార్బన్ నిండిపోయిందంటే వాసన మళ్లీ మొదలు. అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటర్లో ఈ గ్యాసు అసలు కనపడదు, అది చూపేది లవణాల లెక్క. పైగా స్నానానికీ గిన్నెలకూ వాడే నీళ్లు ఆర్వోలోంచి రావు, పట్టీలు నల్లబడేది ఆ నీళ్లతోనే.

దివిసీమవాసి గారూ, ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యండి. బోరు దగ్గరే ఒక చెంబు, ట్యాంకు కుళాయి నుంచి ఒకటి, గీజర్ నుంచి ఒకటి పట్టి, బయటి నుంచి వచ్చినవాళ్లెవరినైనా వాసన చూడమనండి, రోజూ ఇంట్లో ఉండేవాళ్ల ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. గీజర్ నీళ్లు మాత్రమే కంపు కొడితే తుప్పు పట్టకుండా దాని లోపల పెట్టే మెగ్నీషియం రాడ్ చూపించాలి, ట్యాంకు నీళ్లయితే అడుగున పేరుకున్న బురద కడిగించాలి. బోరు దగ్గరే వస్తోందంటే భూమిలోంచి వస్తున్నట్టు. డెల్టాలో కింద బురద పొరల్లో చెట్టూ చేమా కుళ్లిపోయి ఉంటుంది, గాలి తగలని ఆ చోట బతికే బ్యాక్టీరియా నీళ్లలోని సల్ఫేట్‌ను ఈ గ్యాసుగా మారుస్తుంది. గుడ్ల వాసన కాకుండా మురుగు కంపైతే సంగతి వేరు, సెప్టిక్ ట్యాంకు బోరుకు ఎంత దూరమో చూసి, నైట్రేట్, ఈ-కోలి (మలం వల్ల నీళ్లలో చేరే బ్యాక్టీరియా) పరీక్షలు వెంటనే చేయించాలి.

కాలవగట్టు:
మేమూ ల్యాబ్‌కి ఇచ్చామండి. అంతా బాగానే ఉందని రిపోర్టు వచ్చింది, ఇంట్లో వాసన మాత్రం అలాగే ఉంది. అందుకే టెస్టు దండగ అంటున్నాను. పంచాయతీలో చిన్న సీసాలో పోసి చూస్తే నల్లగా మారింది, క్రిములన్నారు. ఒకరు మంచివంటారు, ఒకరు చెడ్డవంటారు, ఎవర్ని నమ్మాలి?

బావిచప్టా:
రెండిటికీ కారణం ఉంది. గ్యాసు కాబట్టి సీసా ల్యాబ్‌కి చేరేలోపే ఎగిరిపోతుంది. సల్ఫైడ్ కొలవాలంటే బోరు దగ్గరే జింక్ ఎసిటేట్ కలిపిన సీసాలో నిండుగా, గాలి బుడగ లేకుండా పట్టాలి. ఆ సీసా ఇమ్మని ముందే అడగాలి. తాగేనీళ్లకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగేనీళ్లలో సల్ఫైడ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక ఆ నల్లబడే సీసా పనిచేసేదే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకోవడం మీద, నీళ్లలో ముందే ఆ గ్యాసు ఉంటే క్రిములు లేకపోయినా నల్లబడుతుంది. మీ నీళ్లలాంటి వాటికి ల్యాబ్‌లో విడిగా ఈ-కోలి పరీక్షే చేయించాలి.

నల్లగొండోడు:
అన్నా, వాసన పోతే నీళ్లు మంచివైనట్టు అనుకోవద్దు. మా దిక్కు నీళ్లకు వాసన లేదు, రంగు లేదు, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినయి. ముక్కును నమ్మి ఆర్వో కొనుడు తప్పు, ముక్కును నమ్మి వద్దనుడు కూడా తప్పే. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌ల సాంపిల్ ఇచ్చి టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్ అన్నీ చూపించుండ్రి.

దివిసీమవాసి:
బోరు దగ్గరే వాసన వస్తోందండి, చూశాను. మరి బ్లీచింగ్ సంగతి? పెరట్లో పాత వరల బావి కూడా ఉంది, తమ్ముడు దిగి పూడిక తీస్తానంటున్నాడు.

బావిచప్టా:
తమ్ముణ్ణి దిగనివ్వకండి! ఇదే గ్యాసు గాలికంటే బరువు, బావి అడుగున నిలుస్తుంది, ఎక్కువైతే వాసన కూడా తెలియనివ్వదు. లోపల పడిపోయినవాణ్ణి తీయబోయి ఇంకొకరు పోవడం మన ఊళ్లలో జరుగుతూనే ఉంది. మోటారుతో తోడించండి, పూడిక పని సామాన్లున్న వాళ్లకే ఇవ్వండి.

బ్లీచింగ్ విషయంలో మీ నాన్నగారి మాట సగం నిజం. ఉదాహరణకు మీ పాత బావి ఒకటిన్నర మీటరు వెడల్పు, అందులో నీళ్లు మూడు మీటర్ల లోతు ఉంటే సుమారు 5,300 లీటర్లు. మామూలుగా శుద్ధి చేయడానికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్, అంటే 13 గ్రాములు. బ్యాక్టీరియా బావి గోడల్లోనే పట్టి ఉంటే మాత్రం ఒకసారి కిలో దాకా వేసి, రాత్రంతా ఉంచి, క్లోరిన్ వాసన పోయేదాకా తోడి పారబొయ్యాలి, అప్పటిదాకా ఎవరూ వాడకూడదు. మూత తీసి మూలన పడేసిన పాత బ్లీచింగ్‌తో పని జరగదు. కొన్నాళ్లకు వాసన తిరిగొస్తే భూమిలోంచే ఊరుతోందన్నమాట, ఇక బ్లీచింగ్ పోస్తూ కూర్చోవడం వృథా. అప్పుడు ట్యాంకులోకి వచ్చే పైపు చివర షవర్ తలలాంటిది బిగించి నీళ్లు పైనుంచి చినుకుల్లా పడేలా చెయ్యండి, గాలి పోయే దారి ఉంచండి, సగం వాసన అక్కడే పోతుంది. మిగిలినదానికి కొద్దిగా క్లోరిన్, ఆ తర్వాత ఇసుక, కార్బన్ ఫిల్టరు. క్లోరిన్ కలపగానే నీళ్లు పాలలా తెల్లబడితే గంధకం, ఎర్రబడితే ఐరన్ అనుకోవచ్చు.

కాలవగట్టు:
ఇంత పని పల్లెల్లో ఎవరు చేయించుకుంటారండి? సముద్రం పక్కన ఉప్పు నీళ్లు, తాగేవాటికి ఆర్వో ఉండాల్సిందేనని ఇప్పటికీ అంటాను.

బావిచప్టా:
టీడీఎస్ లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే మీతో నేనూ అదే అంటాను, కానీ వాసన తీసేశాకే ఆర్వోలోకి పంపాలి, లేకపోతే గంధకం పొరకు పట్టేసి త్వరగా పాడవుతుంది. 500 లోపుంటే వాసన కోసం ఆర్వో కొనడం దండగ. దివిసీమవాసి గారూ, రిపోర్టు రాగానే అంకెలు ఇక్కడ పెట్టండి, ఆ అంకెల మీదే మాట్లాడుకుందాం.