సి ప్రోగ్రామింగ్ లూప్‌లో అంకెల మొత్తం: పది అంకెల నంబరు ఇస్తే ఒకటి ఎక్కువొస్తోంది

అమలాపురం నుంచి ప్రశ్న:
డిప్లొమా మొదటి ఏడాది చదువుతున్నాను. నంబరులోని అంకెలన్నీ కూడటానికి వైల్ లూప్ (షరతు నిజమైనంతసేపు మళ్లీ మళ్లీ తిరిగే కోడ్) రాశాను. మా పిన్‌కోడ్ 533201 ఇస్తే 14 వస్తోంది, సరిగ్గానే ఉంది. 9876543210 ఇస్తే మాత్రం 45 బదులు 46! సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, టెన్షన్‌గా ఉంది.

భీమవరం నుంచి:
లూప్ జోలికి వెళ్లకు తమ్ముడూ. మన కంప్యూటర్లలో ఇంట్‌కి (పూర్ణ సంఖ్యలు దాచే రకం) 32 బిట్లు, 2147483647 వరకే పడుతుంది. నంబరు చదివిన వెంటనే ప్రింట్ చేసి చూడు, 1286608618 కనిపిస్తుంది. దాని మొత్తమే 46. ఇంట్ బదులు ఇంకా పెద్ద నంబర్లు పట్టే లాంగ్ లాంగ్ పెట్టు, నంబరు చదివే స్కాన్‌ఎఫ్‌లో %డి తీసేసి %ఎల్ఎల్‌డి రాయి.

రావులపాలెం నుంచి:
పై జవాబు సరైనదే. నేను సాయంత్రాలు పిల్లలకు సి చెబుతాను, లూప్‌ను బట్టీ పడితే నాకు నచ్చదు. 47 కొబ్బరికాయల్ని పదేసి చొప్పున పోగులు పెడితే నాలుగు పోగులు, పక్కన ఏడు. ఆ ఏడే 47 % 10, అంటే శేషం; ఆ నాలుగే 47 / 10, అంటే భాగఫలం. ఏడును మొత్తానికి కలిపి, నాలుగుతో మళ్లీ లూప్‌లోకి వెళ్లాలి. 533201కి ఒక్కో చుట్టూ కాగితం మీద రాయి బాబూ. శేషం సున్నా వచ్చిన చోట మొత్తం పెరగదు, లూప్ మాత్రం ఆగదు, ఎందుకంటే ఇంకా 5332 మిగిలే ఉంది.

మైనస్ సంఖ్యలూ అడుగుతారు. సి భాషకు 1999లో వచ్చిన సి99 ప్రమాణం ప్రకారం -47 % 10 అంటే -7. ముందే మైనస్ గుర్తు తీసేయి.

అమలాపురం నుంచి:
45 వచ్చిందండీ! ఇంకొకటి, అంకెలు లెక్కపెట్టే ప్రోగ్రామ్‌లో 0 ఇస్తే అసలు అంకెలే లేవంటోంది.

భీమవరం నుంచి:
డూ వైల్ వాడు. షరతు చూడకముందే ఒకసారి తిరుగుతుంది.