అప్‌డేట్: తమ్ముడి మానసిక పరీక్షకు మేజిస్ట్రేటు ఉత్తర్వు వచ్చింది

తిండి మానేసి, గదికి గడియ పెట్టుకుని, నీళ్లలో విషం కలుపుతున్నారంటూ అమ్మ మీదికి కర్ర ఎత్తుతున్న మా తమ్ముడిని వైద్యుడికి చూపించడానికి కోర్టును ఆశ్రయించవచ్చా అని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అన్నిటికంటే అక్కరకు వచ్చినది, జరిగినవన్నీ తేదీలతో నోటుబుక్కులో రాసిపెట్టమన్న సలహా. తిరుపతిలో ఉచిత న్యాయసహాయం కింద దొరికిన వకీలు ఆ పేజీలనే అర్జీకి జతచేశారు. అందులో ‘పిచ్చి’ అన్న మాట ఎక్కడా ఉండకూడదని ఆయన పట్టుబట్టడం నాకు నచ్చింది. మొదట ‘ఇది మీ ఇంటి గొడవ’ అన్న పోలీసులే తరువాత తమ్ముడిని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 102వ సెక్షను ప్రకారం, పరీక్ష నిమిత్తం 10 రోజులకు మించకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చుకోవడానికి ఉత్తర్వు వచ్చింది. వైద్యులు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు నమ్మించే మానసిక జబ్బు) అని తేల్చారు. ఆ గడువు తీరాక, నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే చికిత్స విషయంలో తమ్ముడి తరఫున నిలిచే వ్యక్తిగా, అమ్మ ఇచ్చిన దరఖాస్తుపై, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించిన మీదట, 30 రోజుల వరకు ఉంచుకోవడానికి వీలిచ్చే 89వ సెక్షను కింద చికిత్స కొనసాగించారు.

కొందరు చెప్పిన ‘రిసెప్షన్ ఆర్డరు’ (రోగిని మానసిక ఆసుపత్రిలో ఉంచమనే కోర్టు ఉత్తర్వు) రద్దయిన 1987 మానసిక ఆరోగ్య చట్టానిది, దానికోసం తిరగనక్కరలేదు. ఆస్తిహక్కు పోతుందన్న మా పెదనాన్న భయమూ అనవసరమే, ఎందుకంటే జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని చట్టం భావించదు.

ఇప్పుడు తమ్ముడు నెలనెలా ఇంజెక్షనుకు తానే బస్సెక్కి వెళ్తున్నాడు.