గ్వాంటనామో ఖైదీకి అమెరికా రాజ్యాంగ రక్షణ ఉండాలా?

ప్రశ్న: అమెరికా రాజ్యాంగపు అయిదవ సవరణ న్యాయప్రక్రియ లేకుండా ఏ "వ్యక్తి" ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించరాదంటుంది, "పౌరుడు" అన్న మాట అందులో లేదు. అయినా 1950లో ఐసెంట్రాగర్ కేసులో, జర్మనీలో అమెరికా సైన్యం నిర్బంధించిన జర్మన్లకు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టులో ప్రశ్నించే హక్కు) దక్కదని సుప్రీంకోర్టు తేల్చింది. 2008లో బూమెడియన్ కేసులో మాత్రం క్యూబా నేలపై ఉన్న అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలోని ఖైదీలకు అదే హక్కు ఉందని 5–4 మెజారిటీతో చెప్పింది. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

మొదటి జవాబు: 2008 తీర్పు రాసిన జస్టిస్ కెన్నెడీ పాత తీర్పును కొట్టివేయలేదండీ, తేడా చూపించారు. ఆ జర్మన్లకు సైనిక కమిషన్ ముందు విచారణ జరిగి శిక్ష పడింది. గ్వాంటనామో వారిలో చాలామందిపై అసలు నేరారోపణే లేదు. పైగా 1903 నాటి కౌలు ఒప్పందం ప్రకారం సార్వభౌమత్వం క్యూబాదే అయినా, అక్కడ పూర్తి అధికారం, అదుపు అమెరికావే. కాగితం మీద నేల పరాయిదని చూపి కోర్టును తప్పించుకోవడం కుదరదన్నదే ఆ తీర్పు సారం, నా దృష్టిలో అది సరైనదే.

రెండవ జవాబు: మీరన్నంత దూరం ఆ తీర్పు వెళ్లలేదు. అది హెబియస్ గురించే తప్ప డ్యూ ప్రాసెస్ (అయిదవ సవరణ చెప్పే న్యాయప్రక్రియ) గురించి కాదు. కోర్టు తలుపు తెరిచింది గానీ, లోపల ఏ హక్కులు దొరుకుతాయో చెప్పలేదు. 2010లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు అఫ్గానిస్థాన్‌లోని బాగ్రామ్ సైనిక స్థావరంలో ఉన్న ముగ్గురు ఖైదీలకు ఆ తలుపు కూడా తెరవలేదు, అది యుద్ధరంగమన్నది ఒక ముఖ్య కారణం. మరి ఆ ముగ్గురూ తాము అఫ్గానిస్థాన్ వెలుపల పట్టుబడ్డామనే చెప్పారు. వాళ్లను యుద్ధరంగానికి తెచ్చిపెట్టింది ఎవరు?

మూడవ జవాబు: ఆ చివరి ప్రశ్నే అసలు చిక్కు. అయితే "విదేశాల్లోని విదేశీయులు" అని అందరినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా నిరాకరణకు గురైన మనవాళ్లు కూడా ఆ మాట కిందికే వస్తారు. కాన్సులర్ అధికారి నిర్ణయంలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు, అమెరికా పౌరురాలి భర్త విషయంలోనూ 2024లో సుప్రీంకోర్టు మున్యోజ్ తీర్పు అదే వైఖరి తీసుకుంది. ఆ నిరాకరణ ఎంత బాధాకరమైనా, అక్కడ ఎవరి శరీరమూ ప్రభుత్వం గుప్పిట్లో లేదు. బేడీ వేసినచోట మాత్రం, ఆ చోటు ఏ దేశపటంలో ఉన్నా, ఎందుకు వేశారో ఒక న్యాయమూర్తికి చెప్పవలసిందే.

ప్రశ్న అడిగినవారు: అలాగైతే ఖైదీని అమెరికా మరో దేశపు జైలుకు అప్పగిస్తే, ఆ బేడీ ఎవరిదవుతుంది?