మా ఊరి చెరువులో తేలే సోలార్ పెడతామంటున్నారు, ఎఫ్‌టీఎల్ రూల్ దీనికి వర్తించదా?

కనగల్ రైతుబిడ్డ:

అందరికీ నమస్తే. మాది నల్గొండ దగ్గర కనగల్ వైపు ఒక పల్లె. మా చెరువుకు ఏఎంఆర్ కాల్వ నీళ్లు వదిలితేనే నిండుతుంది, లేకపోతే ఏప్రిల్ వచ్చేసరికి తూము ముందర కొంచెం మడుగు తప్ప ఏం మిగలదు. ఈమధ్య ఒక కంపెనీ మనుషులు వచ్చి నీళ్ల మీద తేలే సోలార్ ప్లాంట్ పెడతాం, 2 మెగావాట్లు, శిఖంలో, అంటే చెరువు లోపల నీళ్లు నిలిచే భూమిలో, పట్టా ఉన్నవాళ్లు లీజు రాసిస్తే ఏటా ఎకరానికి ఇంత అని ఇస్తాం అంటున్నారు. మాకూ శిఖంలో కొంత పట్టా ఉంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు నాన్న అందులో పశువులకు జొన్న చల్లుతాడు, అంతకు మించి దాని మీద వచ్చేది లేదు, అందుకే ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది.

నా అనుమానం ఒక్కటే. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు లోపల, ఏమీ కట్టొద్దు అంటారు కదా అని అడిగితే, "అది ఇండ్లకు, వెంచర్లకు. మాది నేలకు తగలదు, నీళ్ల మీద తేలుతుంది, కట్టడం కిందికే రాదు. పంచాయతీ తీర్మానం ఉంటే చాలు" అన్నారు. ఇది నిజమేనా? వచ్చే వారం సంతకాలు పెట్టమంటున్నారు, నాకైతే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పానగల్ పెద్దాయన:

తమ్ముడూ, సంతకం మాత్రం పెట్టకండి. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయినవాడిని, నాకు తెలిసినంత చెబుతా.

మీరు చెప్పే ఎఫ్‌టీఎల్ రూల్ ఎక్కువగా 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీఓ 168 నుంచి వస్తుంది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా. చెరువు లోపల, శిఖంలో అయితే భవనాలే కాదు, ఏ డెవలప్‌మెంట్ పనీ చేయకూడదని ఉంది. కాబట్టి "మాది భవనం కాదు" అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. అయితే ఆ జీఓ మున్సిపాలిటీలకు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధికి రాసింది, రేపు వాళ్లు "మీ పల్లె ఆ పరిధిలో లేదు" అని ఇంకో మాట ఎత్తుకుంటారు. అప్పుడు కూడా నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ఇంకా వెనక్కి పోతే నిజాం కాలం నాటి 1357 ఫస్లీ ఇరిగేషన్ చట్టం ఉంది. చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా గురించి కూడా ఎవరైనా చెప్పొచ్చు కానీ అది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి మన దగ్గరికి రాదు.

నన్నడిగితే కట్టడమా కాదా అన్న వాదనలో పడిపోవడమే వాళ్లకు కావలసింది. అసలు అడగాల్సింది ఆ నీళ్లు ఎవరివి అని. చెరువు నీళ్లు, కట్ట, తూము, అలుగు ఇరిగేషన్ శాఖ చేతిలో ఉంటాయి, నీళ్ల మీద ఆయకట్టు రైతులకు హక్కు ఉంటుంది. శిఖం పట్టా అంటే నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు, అంతే. పూడ్చకూడదు, కట్టకూడదు. నీళ్లు నిండి ఉన్నప్పుడు ఆ నీళ్ల మీద జాగా లీజుకిచ్చే అధికారం మీకు లేనప్పుడు మీరు సంతకం పెట్టి ఏం ఇస్తున్నట్టు? రేపు శాఖ నోటీసు ఇస్తే అది మీ పట్టా పేరు మీదికే వస్తుంది, కంపెనీకి కాదు. పంచాయతీ తీర్మానం గ్రామం ఒప్పుకున్నదని చెబుతుంది, ఇరిగేషన్ అనుమతి బదులు అది పనికిరాదు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్యానెళ్లు నీళ్ల మీద ఉంటాయి సరే, కరెంటు ఒడ్డుకు రావాలి కదా. కేబుల్ కోసం కట్టను అడ్డంగా తవ్వి, మళ్లీ మట్టి పోసి పైపైన తొక్కి పోతారు. నిండు చెరువులో ఆ తవ్విన చోటి నుంచే ఊట మొదలవుతుంది, మొదట తడి, తర్వాత సన్న ధార, ఆ ధారతో మట్టి రావడం మొదలైతే కట్ట నిలవదు. కట్టను తాకే పని ఏదైనా ఇరిగేషన్ ఇంజనీర్లు డీఈ, ఈఈ స్థాయిలో డిజైన్ చూసి రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సిందే.

జడ్చర్ల సోలార్:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను సోలార్ ఇన్‌స్టలేషన్ పనిలోనే ఉన్నాను కాబట్టి ఇంకో వైపు నుంచి చెబుతా. తేలే సోలార్ మంచి టెక్నాలజీ, నేను దానికి వ్యతిరేకం కాదు. రామగుండం ఎన్టీపీసీలో 100 మెగావాట్లు ఉంది, 2022 జూలై 1 నాటికి మొత్తం నడవడం మొదలైంది, దాదాపు 500 ఎకరాల నీటి మీద 40 బ్లాకులు, ఒక్కో బ్లాకు 2.5 మెగావాట్లు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తేలే ఫెర్రో సిమెంట్ దిమ్మల మీదే పెట్టారు, అడుగున కాంక్రీటు బరువులు వేసి తాళ్లతో కట్టారు. ఏటా దాదాపు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని లెక్క. విశాఖ పక్కన సింహాద్రిలో 2021లో పెట్టిన 25 మెగావాట్లు కూడా ఇలాంటిదే, అక్కడ 75 ఎకరాలు పట్టింది.

కానీ ఆ రెండూ పవర్ ప్లాంటు సొంత రిజర్వాయర్లు. నీళ్లు ఏడాది పొడవునా ఉంటాయి, యజమాని ఎన్టీపీసీయే, ఆయకట్టు గొడవ లేదు. మీ చెరువులో ఏప్రిల్‌కే మడుగు మిగిలితే ఆ ప్లాస్టిక్ ఫ్లోట్లు ఎగుడుదిగుడు బురద మీద కూర్చుంటాయి, జాయింట్ల మీద బరువు పడి విరుగుతాయి, తాళ్లు వదులై మళ్లీ నీళ్లొచ్చినప్పుడు వరుసలు ఎటో కొట్టుకుపోతాయి. పైన చెప్పిన లెక్కలో మెగావాట్‌కు 3 నుంచి 5 ఎకరాలు, అంటే మీ 2 మెగావాట్లకు 6 నుంచి 10 ఎకరాల నీరు ఎండాకాలంలో కూడా ఉండాలి. వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: మే నెలలో మా చెరువులో నీటి లోతు ఎంతో కొలిచారా? గత కొన్నేళ్ల లెవెల్స్ ఇరిగేషన్ దగ్గర తీసుకున్నారా? తీసుకోలేదంటే వాళ్లు ప్లాంటు పెట్టడానికి వచ్చినట్టు నాకు అనిపించడం లేదు, లీజు కాగితాలు చేతిలో పెట్టుకుని ఇంకెవరికో అమ్ముకోవడానికి వచ్చినట్టుంది.

పర్యావరణ అనుమతి అక్కర్లేదు అని కూడా చెబుతారు. నిజమే, సోలార్‌కు ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా, నుంచి మినహాయింపు ఉంది. దానికీ చెరువు వాడుకునే అనుమతికీ సంబంధం లేదు. 2025లో రాష్ట్రం తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో తేలే సోలార్‌ను ప్రోత్సహిస్తామని ఉంది, దాన్ని చూపించి "ప్రభుత్వమే రమ్మంది" అంటే, సరే ఆ ప్రభుత్వం మీ కంపెనీ పేరుతో, మా చెరువు పేరుతో ఇచ్చిన కాగితం చూపించండి అనండి.

మీకు సోలార్ మీద ఆదాయం కావాలంటే మెట్ట భూమి ఉందేమో చూడండి. రైతులకు సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఎ విభాగం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా బీడు భూమిలో పెట్టుకోవచ్చు, సబ్‌స్టేషన్ 5 కిలోమీటర్ల లోపు ఉంటే మంచిది. సోలార్ పథకాలు చూసే రాష్ట్ర సంస్థ రెడ్‌కో, దాని జిల్లా ఆఫీసులో అడగండి.

మూసీ వల:

అన్నలూ, మా గురించి ఎవరూ మాట్లాడలేదు. చెరువంటే చేపలు కూడా. మాది మూసీ ప్రాజెక్టు దగ్గర, మత్స్య సంఘంలో సభ్యుడిని. బొచ్చె, రవ్వ పిల్లలు వానాకాలంలో వదులుతాం, నీళ్లు తగ్గాక పెద్ద వల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు లాగుతాం, సంఘంలో ప్రతి ఇంటికీ ఏడాది ఆదాయం ఆ కొన్ని రోజుల్లోనే వస్తుంది. ఇప్పుడు అడుగున కాంక్రీటు దిమ్మలు, వాటి నుంచి పైకి తాళ్లు ఉంటే వల ఎట్లా లాగాలి? ఒక్క దిమ్మకు తగులుకుంటే వల మొత్తం చీలుతుంది, చేప అంతా ఆ సందులోంచి పోతుంది. చెరువు సగానికి పైగా కప్పేస్తే ఎండ లోపలికి పోదు, నాచు తగ్గుతుంది, దాని మీద బతికే చేపకు మేత ఉండదు.

సోలార్ వద్దనడం లేదు. మీ ఊళ్లో చేపల లీజు సంఘం పేరు మీద ఉంటే వాళ్లను పిలవకుండా మాట్లాడితే అది పెద్ద తప్పవుతుంది. లీజు ఎన్నాళ్లుందో చూడండి, సంఘం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ముందుకు పోవద్దు.

కనగల్ రైతుబిడ్డ:

అందరికీ చాలా థ్యాంక్స్. మా ఊరి మత్స్య సంఘం అధ్యక్షుడితో నిన్న మాట్లాడాను, ఆయనకు ఈ విషయం అసలు తెలియనే తెలియదు, చాలా బాధపడ్డాడు. నాన్న కూడా ఇప్పుడు ఆగుదాం అన్నాడు. పెద్దాయనా, ఒక చిన్న సందేహం. వెట్‌ల్యాండ్ (చిత్తడి నేలల) రూల్స్ అని ఏవో ఉన్నాయంటారు, వాటి కింద మా చెరువును కాపాడుకోవచ్చా? ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడిదాకా ఉందో కాగితం ఎక్కడ దొరుకుతుంది?

పానగల్ పెద్దాయన:

2017 వెట్‌ల్యాండ్ రూల్స్ మీద ఆశ పెట్టుకోకండి. సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులను ఆ రూల్స్ నుంచి తీసేశారు.

ఎఫ్‌టీఎల్ మ్యాప్ ఇరిగేషన్ డీఈ ఆఫీసులో అడగండి, సర్వే చేయలేదంటే రెవెన్యూతో కలిపి జాయింట్ సర్వే చేయమని ఊరందరూ కలిసి దరఖాస్తు పెట్టండి. నోటి మాటతో ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, డివిజన్ ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామస్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో రెండు అడగండి, చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ కాపీ ఒకటి, ఈ చెరువులో సోలార్ కోసం ఎవరికైనా అనుమతి ఇచ్చారా, ఇస్తే ఆ కాగితం కాపీ ఒకటి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే, కాబట్టి బాండు పేపర్ మీద సంతకం చాలు అంటే కూడా నమ్మకండి. జవాబు వచ్చేదాకా ఊళ్లో శిఖం పట్టా ఉన్న మిగతా వాళ్లకు కూడా చెప్పి ఆపండి, ఒక్కరు పెట్టినా ఆ కాగితం చూపించి మిగతావాళ్ల దగ్గరికి వస్తారు.