ఈ వారం సమస్య (ఇదే ఆఖరి పాదంగా, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి): దీప మార్పిన చెలియయే దీప మయ్యె

నిర్వాహకుడు: చెన్నైలో ఉంటున్నాం కాబట్టి ఊరి సంగతితోనే మొదలెడతా. 1942 ఏప్రిల్‌లో జపాను వాళ్లు వచ్చేస్తున్నారన్న భయంతో జనం మూటాముల్లె సర్దుకుని మద్రాసు వదిలి పారిపోయారు, రిపన్ బిల్డింగు వెనకున్న జూలో క్రూరమృగాలు బయటపడితే ప్రమాదమని కాల్చేశారు. అదే నెల 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. శత్రువుకి కనబడకూడదని రాత్రిళ్లు దీపాలు ఆర్పించిన అలాంటి రోజుల్లో ఒక చిన్న రేవు ఊరు, ఒక జంట, ప్రేమా కర్తవ్యమా అన్న తగువు. నవల రాసే ఓపిక మనకెవరికీ లేదు, తేటగీతి పద్యంలో, నాలుగు పాదాల్లో తేల్చేయండి.

టీనగర్ తమ్ముడు:

ప్రేమకన్న కర్తవ్యమే పెద్దదంచు
నూరి రక్షణ మెంచుచు నుల్లమందు
వలపు వత్తిని నార్పెను వనిత తాను
దీప మార్పిన చెలియయే దీప మయ్యె

మైలాపూరు మావయ్య: తమ్ముడూ, గణాలు (గురులఘువుల లెక్క) సరిపోయాయి, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) కుదిరాయి. కానీ మొదటి పాదం ఆగస్టు పదిహేనున హెడ్మాస్టారు మైకులో చెప్పే మాటలా ఉంది. 'వనిత తాను'లో ఆ 'తాను' గణం నింపడానికే వచ్చిందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అసలు లోపం వేరే ఉంది. ఆర్పిందాకా చెప్పావు, ఆవిడ దీపం ఎలా అయిందో చెప్పలేదు. సమస్యని చివర్న అతికించి వదిలేస్తే పూరణ కాదు.

వేళచ్చేరి కాకినాడమ్మాయి: మావయ్యగారూ, పుట్టింటి ఊరి మాట వచ్చింది కదా, ఆగలేకపోయాను.

పడవ పైనున్న వానికి బాట చూపు
దివ్వె నార్పెను పురమున దిగులు తీర
ఆమె పాడిన పాటయే యతని జేర్చె
దీప మార్పిన చెలియయే దీప మయ్యె

మైలాపూరు మావయ్య: శభాష్ అమ్మా! విమానానికి దీపం కనబడుతుంది గానీ పాట వినబడదు, ఆ కిటుకు బాగా పట్టావు. కాకపోతే 'అతని జేర్చె' అంటే ఎక్కడికి చేర్చింది? ఒడ్డు లేదు పద్యంలో. మూడో పాదం ఇలా మార్చి చూడు: 'గట్టు జేర్చెను పాటయై గాలిలోన'. ఆమే పాటైపోయింది, అప్పుడు నాలుగో పాదంలో దీపం కావడానికి దారి దొరుకుతుంది.

గిండీ బావ: తేదీ వెయ్యలేదు గనక బతికిపోయారు. ఏప్రిల్ 6 దాడి జరిగింది పట్టపగలు. దీపాలు ఆర్పించడం రాత్రుల సంగతి, అదీ ఒక్క విమానాల కోసమే కాదు. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే ఆ వెలుతురుకి అడ్డంగా ఉన్న ఓడ సముద్రంలో ఉన్న శత్రువుకి నల్లగా బొమ్మ కట్టినట్టు కనబడిపోతుంది. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో వర్తక నౌకలు చాలానే మునిగాయి కూడా. అంటే ఆ అమ్మాయి దీపం ఉంచినా పడవలో ఉన్నవాడికే ముప్పు. ఇది పద్యంలోకి వస్తే ఇంకా పదునెక్కేది.

పెరంబూరు పంతులమ్మ: నాకు వేరే పేచీ ఉంది. అతను క్షేమంగా ఒడ్డెక్కేశాక ఆమె పోగొట్టుకున్నదేముంది? ఊరూ దక్కింది, మొగుడూ దక్కాడు, ఇంక ప్రేమకీ కర్తవ్యానికీ తగువెక్కడ? సినిమా ఇంటర్వెల్ తర్వాత అన్నీ సర్దుకున్నట్టే. నాది చూడండి, ఏడవకండి.

వాడు రాలేదు, వేకువ వచ్చి పోయె
నూరు మిగిలెను, కంట నీరూర లేదు
నూనె లేకయె వెలిగెడు నోము పట్టి
దీప మార్పిన చెలియయే దీప మయ్యె

వేళచ్చేరి కాకినాడమ్మాయి: పంతులమ్మగారూ, 'వేకువ వచ్చి పోయె' దగ్గర ఆగిపోయాను. వాడు రాలేదు, తెల్లారడం మాత్రం టైముకి తెల్లారింది.

టీనగర్ తమ్ముడు: రెండో పాదంలో 'నీరూర' దగ్గర యతి కుదిరిందా అండీ?

మైలాపూరు మావయ్య: కుదిరింది. నీరు, ఊర కలిసిన చోట ఊకారం ఉంది కదా, పాదం మొదట్లో 'నూరు'లోని ఊకారానికి దాంతోనే మైత్రి. నా అభ్యంతరమల్లా 'నోము పట్టి' మీదే, ఇష్టపడి పట్టిన నోములా ఉంది, ఆమెకి వేరే దారి ఉందా అసలు?

పెరంబూరు పంతులమ్మ: ఉంది మావయ్యగారూ. ఆర్పకుండా ఉండొచ్చు. అందుకే నోము అన్నాను, మార్చను.

నిర్వాహకుడు: సరే, మార్చక్కర్లేదు. తమ్ముడూ, నువ్వు మాత్రం ఆ 'తాను' తీసేసి ఆదివారంలోగా మళ్లీ పెట్టు.