అమ్మానాన్నలతో రెండు రాత్రులు: హకొనేనా, కుసాత్సునా?

కృష్ణలంక_కుర్రాడు:
నవంబర్ రెండో వారంలో అమ్మానాన్న టోక్యో వస్తున్నారు. మేం ఉండేది నిషికసాయిలో. (ఊరి పేరు విన్నప్పుడల్లా అమ్మ "ఆ కసాయి ఏంట్రా, ఇంకో ఊరే దొరకలేదా" అంటుంది.) శుక్రవారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇంటికి చేరాలి. కొండల్లో వేడినీటి బుగ్గలున్న చోట రెండు రాత్రులు గడపాలని కోరిక. నాన్నకి 68, రైల్వేలో చేసి రిటైరయ్యారు. బీపీ మాత్రలు వాడతారు, నడుస్తారు గానీ మెట్లంటే మోకాళ్ళు పట్టుకుంటారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

మా ఆవిడ హకొనే అంటోంది, దగ్గరని. నాకేమో కుసాత్సు మీద మనసుంది. రెండు రోజులుగా ఇంట్లో తేలడం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఏదో ఒక పక్షం తీసుకుని చెప్పండి. "రెండూ బాగుంటాయి" అనేవాళ్ళకి ముందే దణ్ణం.

ఫుజి_ఎక్కడ:
హకొనే. నాలుగుసార్లు వెళ్ళాను, ఫుజి ఒక్కసారే కనిపించింది, నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. అయినా హకొనే అనే అంటాను.

షింజుకులో రొమాన్స్‌కార్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి కూర్చుంటే గంటన్నర లోపే హకొనే-యుమోతోలో దిగుతారు. మధ్యలో మారేది లేదు. అక్కణ్ణుంచి గోరా దాకా కొండ రైలు. 1919 నుంచి నడుస్తోంది. పళ్ళచక్రం లేకుండా, మామూలు పట్టాల మీదే వెయ్యి మీటర్లకి 80 మీటర్లు ఎక్కుతుంది. దారిలో మూడుచోట్ల ఆగుతుంది, డ్రైవరూ గార్డూ ఈ చివర నుంచి ఆ చివరకి నడుచుకుంటూ పోయి చోట్లు మార్చుకుంటారు, రైలు వెనకవైపుగా పైకి పాకుతుంది. బెజవాడ రైల్వే మనిషిని జపాన్ దాకా తెచ్చి అది చూపించకపోతే పాపం చుట్టుకుంటుంది.

గోరా నుంచి కేబుల్ కారు, తర్వాత రోప్‌వే, కింద ఓవకుదాని లోయలో గంధకం పొగలు, అటు దిగితే అషి సరస్సులో ఓడ, ఒడ్డున నీళ్ళలో నిలబడ్డ ఎర్ర తోరణం, మళ్ళీ బస్సులో యుమోతో. అన్నిటికీ కలిపి ఒకటే పాసు. రొమాన్స్‌కార్ సీటుకి మాత్రం అదనంగా కట్టాలి, అది పాసులో రాదు. ఓవకుదాని వేడినీళ్ళలో ఉడికి నల్లబడిన గుడ్లు అమ్ముతారు, ఒకటి తింటే ఏడేళ్ళ ఆయుష్షు పెరుగుతుందట. మీ అమ్మగారి వాటా నాన్నగారికిచ్చేయండి, పద్నాలుగేళ్ళు.

తకసాకి_మావయ్య:
పైన రాసింది ఇంకోసారి చదవండి బాబూ. రైలుంది, కేబుల్ కారుంది, రోప్‌వే, ఓడ, బస్సు అన్నీ ఉన్నాయి. స్నానం ఏదీ? ఐదు బండ్లు ఎక్కి దిగి గదికి చేరేసరికి సాయంత్రం ఐదు. ఆరింటికి భోజనం పెట్టేస్తారు. మోకాళ్ళ నొప్పి మనిషిని ఆ చట్రంలో తిప్పడం వేడినీళ్ళ యాత్రా, రవాణా శాఖ తనిఖీనా?

నేను పదేళ్ళుగా కుసాత్సు ఉన్న గున్మాలోనే ఉంటున్నాను, నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. కుసాత్సులో ఊరి నడిబొడ్డునే నీళ్ళు. దాని పేరు యుబతకే, అంటే వేడినీళ్ళ పొలం. నిజంగానే మడి కట్టినట్టుంటుంది. నిమిషానికి 4,000 లీటర్లు పొగలు కక్కుతూ పైకొచ్చి, వరసగా పేర్చిన చెక్క కాలవల్లో పారి, చివర జలపాతంలా దూకుతుంది. రాత్రి దీపాలు పెడతారు. చుట్టూ కంచె, కంచె పక్కన బల్లలు. టికెట్టు లేదు, ఎక్కేది దిగేది లేదు. యుకతా అనే పల్చటి నూలు అంగీ మీద మందపాటి కోటు వేసుకుని జనం ఊరికే నిలబడి చూస్తుంటారు.

బుగ్గ దగ్గర నీళ్ళు 50 డిగ్రీలు దాటి ఉంటాయి. చన్నీళ్ళు కలిపితే గుణం పోతుందని పొడవాటి చెక్క పలకలతో తిరగేసి చల్లార్చేవాళ్ళు. ఇప్పుడు ఆ పని పాట పాడుతూ ప్రదర్శనగా చేస్తారు. ప్రేమ జబ్బు ఒక్కటే ఈ నీళ్ళకి లొంగదని ఆ పాటలో ఉంటుంది.

దారి: ఉఎనో నుంచి ఎక్స్‌ప్రెస్‌లో నగనోహర-కుసాత్సుగుచి, సుమారు రెండున్నర గంటలు. అక్కణ్ణుంచి అరగంట లోపు బస్సు. దారిలో యాంబా డ్యాం వస్తుంది. 1952లో అనుకున్నది, 2009లో ఆపేశారు, మళ్ళీ మొదలెట్టి 2020లో పూర్తిచేశారు. కవరయు అనే పాత వేడినీళ్ళ ఊరు నీళ్ళ కిందకి పోయింది, రైలు స్టేషన్నే కొండ మీదకి మార్చారు. పోలవరం ముంపు గ్రామాలు చూసినవాణ్ణి, ఆ కిటికీ పక్కన కూర్చుంటే నాకు మాట రాదు. సరే, అది వేరే కథ.

అసలు లెక్క ఇది. హకొనే పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి రాగలిగేంత దూరం. కుసాత్సుకి రాత్రి ఉండక తప్పదు. ఉన్నవి రెండు రాత్రులు. వాటిని రాత్రి అవసరమైన ఊరికే ఖర్చుపెట్టాలి.

రెండోకోడలు:
మీరిద్దరు రైళ్ళ గురించి, పొలాల గురించి మస్తు చెప్పిన్రు. అసలు ముచ్చట ఎవ్వరు మాట్లాడుతలేరు. అన్నా, అక్కడ బట్టలిప్పి స్నానం చెయ్యాలె. ఆడోళ్ళకు వేరే, మగోళ్ళకు వేరే, గని లోపల నూలుపోగు ఉండదు. చిన్న తువ్వాల ఇస్తరు, అది గూడ నీళ్ళల్ల ముంచద్దు, నెత్తి మీద పెట్టుకోవాలె. మీ అమ్మకు ఈ సంగతి చెప్పినవా?

మా అత్తమ్మను హకొనే తీస్కపోయినం. తలుపు కాడ తెర జరిపి లోపలికి చూసి, ఎన్కకు తిరిగి నడిచింది. రాత్రంతా నాతోటి మాట్లాడలే. రెండోనాడు గంట సేపు మాకొక్కళ్ళకే తాళమేసుకునే స్నానాల గది తీస్కున్నం, కషికిరి అంటరు. చీర కొంగు నడుముకు చుట్టుకొని దిగింది (అది గూడ తప్పే, చెప్పలేకపోయిన). దిగినాక ఒక పట్టాన బయటికి రాలే.

ఇంకో మాట. అత్తమ్మ ముంజేతికి పచ్చబొట్టు ఉన్నది, చిన్నప్పుడు ఊర్ల పొడిపించుకున్నది. చాలా చోట్ల పచ్చబొట్టు ఉంటె పెద్ద తొట్లెకు రానియ్యరు, అది రౌడీల గుర్తని. 2013ల న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరి ఆమెను మొఖం మీద పచ్చబొట్టు ఉన్నదని హొక్కైడోల రానియ్యలే, పెద్ద లొల్లి అయింది. మీ అమ్మకు ఉంటె ముందే అడిగి బుక్ చెయ్యి. హకొనేల తాళం గదులు, గదిలనే తొట్టి ఉన్న ర్యోకాన్లు (జపాన్ పద్ధతి సత్రాలు) శానా దొరుకుతయ్. నా ఓటు గందుకే హకొనేకు.

మెట్టెలు గూడ తీపియ్యి. మా అత్తమ్మయి ఓవకుదాని నీళ్ళకు బొగ్గులెక్క అయినయ్.

కృష్ణలంక_కుర్రాడు:
అక్కా, పచ్చబొట్టు లేదు. మెట్టెలు మాత్రం... మా అమ్మ ఆపరేషన్ థియేటర్లో కూడా తియ్యనంది. నర్సు ప్లాస్టర్ చుట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఇదొక సమస్య అవుతుందని తట్టనేలేదు.

ఆమ్లం_క్షారం:
కెమిస్ట్రీ చెప్పుకునే మనిషిని, ఇక్కడ ఆగలేకపోతున్నాను.

వెండి నల్లబడేది గంధకంతో. పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది, అంతే. లోపలి వెండికి ఏమీ కాదు. 22 కేరట్ల బంగారంలో రాగీ వెండీ కలిసే ఉంటాయి కాబట్టి గొలుసు కూడా రంగు మారొచ్చు. కుసాత్సు నీళ్ళ పీహెచ్ దాదాపు 2, నిమ్మరసంతో సమానం. ఇనప మేకు పది రోజుల్లో కరుగుతుందని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఊళ్ళోంచి కిందకి పోయే ఏరు చేపల్ని బతకనిచ్చేది కాదు, వంతెనల సిమెంటుని తినేసేది. 1964 నుంచి రాత్రీ పగలూ ఆ ఏట్లో సున్నపురాయి పొడి కలుపుతున్నారు. అలాంటి నీళ్ళలోకి 68 ఏళ్ళ మనిషిని పంపేముందు చర్మం మీద గాయాలున్నాయేమో చూడండి. కళ్ళు తుడుచుకోవద్దని చెప్పండి.

మావయ్యగారు గుణం గుణం అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. జపాన్ 1948 చట్టం ప్రకారం బుగ్గ దగ్గర 25 డిగ్రీలున్నా చాలు, లేదా 19 పదార్థాల్లో ఏదో ఒకటి నిర్ణీత మోతాదులో ఉన్నా చాలు, ఓన్‌సెన్, అంటే వేడినీటి బుగ్గ, అనొచ్చు. హకొనే-యుమోతో నీళ్ళు తేటగా, కొంచెం క్షారంగా ఉంటాయి. ఒంటికీ మెట్టెలకీ అవే మంచివి. ఓవకుదాని తెల్లనీళ్ళంటారా, కొండ ఆవిరిలోకి మామూలు నీళ్ళు పంపి తయారుచేసి గొట్టాల్లో పంచుతారు. చట్టప్రకారం అదీ ఓన్‌సెనే. మాయ చేస్తే ఊరుకోరు. 2004లో నగానోలో షిరహోనే అనే ఊళ్ళో నీళ్ళు తెల్లగా కనిపించాలని పొడి కలిపినట్టు బయటపడితే దేశమంతా అట్టుడికింది.

తకసాకి_మావయ్య:
"తయారుచేసి గొట్టాల్లో" అని మీరే రాశారు. ఇంక నేనేం వాదించాలి మాస్టారూ?

ఊర్కే_చూస్తున్నా:
హైదరాబాద్ నుంచి రాస్తున్నా. ఇన్ని డబ్బులు పోసి, బట్టలిప్పి, ఉప్పూకారం లేని తిండి తిని... బదరీనాథ్‌లో తప్తకుండం లేదా? స్నానమూ పుణ్యమూ రెండూ వస్తాయి.

రెండోకోడలు:
ఆయన కొడుకు టోక్యోల ఉన్నడు తమ్మీ, బదరీనాథ్‌ల లేడు.

పప్పుచారు_ఫ్లాస్కు:
తిండి సంగతి ఎవరూ ఎత్తరేం? రెండు పూటల భోజనంతో బుక్ చేశారో, పద్నాలుగు చిన్న గిన్నెల్లో పన్నెండు చేపతో ముడిపడి ఉంటాయి. చేప ముక్క కనిపించదు, అదే చిక్కు. దాషి అని ఎండు చేప తురుము కాచిన నీళ్ళతోనే చారు, కూరలు, ఆఖరికి ముంచుకునే సాసు కూడా. "మాంసం లేదు కదా" అంటే "లేదు" అనే అంటారు, వాళ్ళ దృష్టిలో అది అబద్ధం కాదు. గోరాలో టోఫు కట్సు పేరుమోసింది, టోఫు కదా అని అమ్మకి పెట్టేరు, మధ్యలో పంది కైమా ఉంటుంది.

నేను చేసేది: సుదోమారి, అంటే భోజనం లేకుండా గది మాత్రమే. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు. మొదటిరోజుకి నిమ్మకాయ పులిహోర, రెండోరోజుకి చింతపండుది, ఆగుతుంది. తాటాకు చాపల్లాంటి తతామి గదిలో కుక్కర్ పెట్టి విజిల్ వేయించకండి, వాళ్ళకి ఆ వాసన నెల రోజులు పోదు. కుసాత్సులో ఎర్ర బీన్స్ ముద్ద పెట్టిన మంజు అమ్ముతారు, వేడివేడిగా చేతిలో పెట్టి రుచి చూడమంటారు. అమ్మగారు పూర్ణం బూరెల చుట్టమనుకుని తినేస్తారు.

శాకాహార భోజనం వాళ్ళ చేతే వండించాలంటే మాత్రం హకొనేలోనే ఎక్కువ దొరుకుతుంది, అదీ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. గది చేరాక చెబితే అన్నం, ఊరగాయ ముక్కలు.

ఫుజి_ఎక్కడ:
రవాణా శాఖ అన్నారు, పడ్డాను. కానీ ఒకటి దాచాను, చెప్పేస్తాను. ఓవకుదానిలో ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు రావద్దని బోర్డులుంటాయి. 2015లో కొండ కదిలి రోప్‌వే నెలల తరబడి మూతపడింది. గాలి గట్టిగా వీచినా ఆపేస్తారు. నేను ఒకసారి ఆ రోప్‌వే బదులు బస్సులో, నిలబడి, తిరిగాను.

మావయ్యగారూ, మీ కొండా తక్కువది కాదు. 2018 జనవరిలో మోతోషిరానే ముందస్తు హెచ్చరిక లేకుండా పేలింది, స్కీయింగ్ చేస్తున్న సైనికుడొకరు పోయారు. పైగా మీ ఊరు 1,200 మీటర్ల ఎత్తు. నవంబర్ రెండో వారానికి ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి. హకొనేలో ఎరుపు అప్పుడే మొదలవుతుంది. కృష్ణలంక వాళ్ళని సున్నా డిగ్రీల దగ్గర రాత్రిపూట బల్ల మీద కూర్చోబెడతారా?

తకసాకి_మావయ్య:
చలి ఒప్పుకుంటున్నాను. చలిలేకపోతే వేడినీళ్ళెందుకు? ఊరు ఏటవాలు కూడా, గది యుబతకేకి దగ్గరలో తీసుకో, చాలా ర్యోకాన్లు బస్టాండుకి వ్యాను పంపుతాయి, అడుగు. నాన్నగారిని మాత్రం ఊరి ఉచిత స్నానశాలలకి పంపకు. నీళ్ళు భగభగలాడుతుంటాయి, బీపీ మనిషికి పనికిరావు. గది ఉన్నచోటే, ముందు ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుని, ఐదు నిమిషాలు, బయటికొచ్చి మంచినీళ్ళు. భోజనం కాగానే దిగొద్దు.

కృష్ణలంక_కుర్రాడు:
నిన్న రాత్రి వీడియో కాల్‌లో ఈ చర్చంతా అమ్మానాన్నలకి చదివి వినిపించాను. నాన్న కొండ రైలు దగ్గర ఆపి, వెయ్యికి ఎనభై అంటే పన్నెండున్నరకి ఒకటిరా అని రెండుసార్లు అనుకుని, "గార్డు ఆ చివరకి నడిచేటప్పుడు బ్రేకు ఎవరు పట్టుకుంటారు?" అన్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆయన నిద్రపోయేలా లేరు.

తేలింది ఇది. శుక్ర, శని రాత్రులు కుసాత్సు. మంగళవారం ఒక్కరోజు హకొనే, యుమోతో నుంచి గోరా దాకా, మళ్ళీ అదే రైల్లో వెనక్కి. రోప్‌వే లేదు, ఓడ లేదు. మా ఆవిడ ఒప్పుకుంది, రాత్రి అవసరమైన ఊరికే రాత్రి అన్న మాట దగ్గర.

తాళం గది దొరికే ర్యోకాన్ చూస్తున్నాను. అమ్మ దిగుతుందో లేదో ఆమె ఇష్టం. యుబతకే పక్కన కాళ్ళు మాత్రమే పెట్టుకునే తొట్టి ఉందంటే అక్కడ కూర్చుంటానంది. "మెట్టెలుండేది కాళ్ళకే కదమ్మా" అన్నాను. "నల్లబడితే విభూతి పెట్టి తోముకుంటాను, దానికి పదిమందిని కూర్చోబెట్టి చర్చేంట్రా" అంది.

ఆమ్లం_క్షారం:
విభూతి సరిపోతుంది. గొలుసు మాత్రం గదిలో తీసిపెట్టించండి.