ఆరు సిలిండర్లే అయినా ఫైరింగ్ ఆర్డర్ ఎందుకు మారుతుంది?

ప్రశ్న (భైరవపాలెం):
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కావడంతో మా మావయ్యగారి బోటు ఇంజిన్ విప్పించాము. అది ఆరు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ డీజిల్. దాని ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరుస, 1-5-3-6-2-4 అని ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) సరిచేస్తూ మేస్త్రిగారు చెప్పారు. ఓడల్లోని ఆరు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజిన్‌కు మాత్రం 1-5-3-4-2-6 అని చదివాను. పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే మండకూడదన్నదే నియమమైతే, 3 తర్వాత 4 ఎలా వచ్చింది?

సమాధానం (కాకినాడ, ఓడ ఇంజనీరుగా రిటైరయ్యాను):
అది నియమం కాదండీ, బేరింగుల మీద భారం తగ్గించే జాగ్రత్తల్లో ఒకటి మాత్రమే. అసలు నిర్ణయం పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ దగ్గరే మొదలవుతుంది. మీ బోటు ఇంజిన్‌లో 1-6, 2-5, 3-4 సిలిండర్ల క్రాంకులు జతలుగా ఒకే కోణంలో ఉంటాయి, జతకూ జతకూ 120 డిగ్రీల ఎడం ఉంటుంది. ఈ అమరిక వల్ల పిస్టన్ల కదలికతో పుట్టే మొదటి, రెండవ శ్రేణి బలాలూ (చుట్టుకు ఒకసారి, రెండుసార్లు వచ్చేవి), ఇంజిన్ ముందు కొననూ వెనుక కొననూ ఎగదిగ ఊపే కపుల్స్ కూడా ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఫోర్‌స్ట్రోక్‌లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. ఒక జతలోని రెండు పిస్టన్లూ కలిసి పైకి వచ్చినా మండేది ఒకటే కనుక, ఏది ముందన్నది వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ తేలుస్తుంది. అందుచేత అదే క్రాంక్‌షాఫ్ట్ మీద నాలుగు వరుసలు సాధ్యం: 1-5-3-6-2-4, 1-5-4-6-2-3, 1-2-3-6-5-4, 1-2-4-6-5-3. టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే యంత్రం) ఉన్న ఇంజిన్లలో ముందు మూడింటి పొగ ఒక గొట్టంలోకి, వెనుక మూడింటిది మరొక గొట్టంలోకి పంపడం పరిపాటి. ఒక సిలిండర్ నుంచి వచ్చే ఒత్తిడి తరంగం అదే గొట్టంలో ఉన్న మరో సిలిండర్ పొగ వదిలే పనికి అడ్డు పడకూడదు కాబట్టి ఈ గుంపులు ఒకటి విడిచి ఒకటి మండాలి. పై నాలుగింటిలో అలా వచ్చేది మొదటిది ఒక్కటే, కాగితం మీద రాసి చూసుకోండి.

టూస్ట్రోక్‌లో ఈ వెసులుబాటు లేదు. ప్రతి చుట్టులోనూ ప్రతి సిలిండరూ మండాలి కనుక ఆరు క్రాంకులూ 60 డిగ్రీల ఎడంతో విడివిడిగా ఉంటాయి, వాటి అమరికే ఫైరింగ్ ఆర్డర్. 1-5-3-4-2-6లో మొదటి శ్రేణి కపుల్ సున్నా అవుతుంది, రెండవ శ్రేణిది మిగులుతుంది. దానిని అవసరమైతే కాంపెన్సేటర్లతో, అంటే ఎదురు ఊపునిచ్చే తిరిగే బరువులతో, అదుపు చేస్తారు. 3, 4 పక్కపక్కన మండటం ఆ లాభానికి చెల్లించిన వెల. షాఫ్ట్ మెలితిరిగే కంపనాలను కూడా విడిగా లెక్కించి చూశాకే వరుసను ఖాయం చేస్తారు.

సమాధానం (నరసాపురం, బోటు ఇంజిన్ల మేస్త్రి):
పెద్దాయన లెక్క నాకు పూర్తిగా అందలేదు గానీ, పనిలో చూసినది చెబుతాను. డీజిల్ పైపులు మార్చి బిగించినంత మాత్రాన వరుస మారదు. 1, 6 పైపులు తారుమారైతే ఆ రెండు సిలిండర్లలోనూ పొగ పోయే సమయంలో డీజిల్ పడుతుంది, ఇంజిన్ నాలుగింటి మీదే కుంటుతుంది. బోటు వణుకుతోందని ఆర్డర్‌ను అనుమానించేవారు ముందు ఫౌండేషన్ బోల్టులు, షాఫ్ట్ అలైన్‌మెంట్, ఇంజెక్టర్లు చూపించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
రాసి చూశానండీ. రెండవ వరుసలో 5, 4, 6 వరుసగా వెనుక గొట్టంలోకే వస్తున్నాయి. పైపుల సంగతి మావయ్యగారికి చదివి వినిపించాను.